కౌతాళం కాలువకు పడని గండి

ఈమధ్య పత్రికలో కొత్తగా చేరిన పిల్లలిద్దరు మా ఇంటికి వచ్చారు. ఆఫీసుకు రానక్కర్లేదు, ఇంటి నుంచే వార్తలు పంపమన్నారట. మొదటి నెల హాయిగా ఉందన్నారు. ఇప్పుడు సీలింగు ఫ్యానుతో మాట్లాడుతున్నామని చెప్పి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "మీ కాలంలో ఈ బాధ లేదు కదా సార్?" అని అడిగారు.

ఉంది. చిన్న ఊళ్లలో పనిచేసిన విలేకరులకు ఆఫీసు ఎప్పుడు ఉండింది గనక? ముందు గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, న్యూస్‌ప్రింటు కాగితాల కట్ట, అదే ఆఫీసు. పై అధికారి ఎక్కడో నూరు మైళ్ల అవతల ఒక గొంతు. తోటి ఉద్యోగి అంటే మరో ఊళ్లో మరో ముందు గదిలో కూర్చున్న మరో మనిషి. నాకు అట్లాంటి తోటి ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. ఒంటరితనానికి మందు చెప్పమని ఆ పిల్లలు అడిగారు. నా దగ్గర మందు లేదు, ఆయన కథ మాత్రం ఉంది.

డెబ్బైల చివర నేను ఆదోనిలో, ఆయన ఎమ్మిగనూరులో. ఒకే పత్రిక. ఆలూరు, ఆస్పరి, చిప్పగిరి వైపు నాది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఆయనది. ఆయన రాసినది కవరులో పెట్టి మధ్యాహ్నం బస్సులో ఆదోనికి పంపాలి. నేను దానికి నా వార్తలు కలిపి రాత్రి రైలుకు వేయాలి. మర్నాడు కాక ఆ మర్నాడు అచ్చులో కనిపించేది. అప్పటికి అది పాత వార్త అని ఎవరికీ తోచేది కాదు.

ఇంట్లో కూర్చుని పనిచేసినా ఆదోనిలో నాకు ఒంటరితనం తెలియలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. పత్తి వచ్చే నెలల్లో మార్కెట్టు బండ్లు మా వాకిలి దాకా నిలిచేవి. ఇంట్లో భార్య, పిల్లలు, ఆమె తమ్ముడు. పక్కింట్లో రుమాళ్లు, దుప్పట్లు అమ్మే సాయెబుల కుటుంబం. ఆ ఇంటి ముసలమ్మ నేను పగటిపూట లుంగీతో కనిపించినప్పుడల్లా గోడ మీదుగా తొంగిచూసి, "ఏం బేటా, ఇయాల గూడ పనికి పోలేదా? ఆడబిడ్డ ఒక్కతే ఎంతని కష్టపడ్తాది?" అనేది. నేను పత్రికలో పనిచేస్తున్నానని ఎన్నిసార్లు చెప్పినా, పత్రిక ఇంటికి వచ్చి పడుతుంది కాబట్టి దానికోసం ఎవరూ పనిచేయనక్కర్లేదని ఆమె నమ్మకం.

ఎమ్మిగనూరు ఆయన ఇల్లు వేరు. నేతపని ఇల్లు. తండ్రి పోయాక అన్న మగ్గం అమ్మేసి సంసారంతో బళ్లారి చేరాడు. ఈయనకు పెళ్లయిన రెండో ఏడే భార్య జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. మగ్గం ఉన్న గుంత మీద చెక్కలు పరిపించి, వాటిమీద బల్ల వేసుకున్నాడు. తండ్రి కూర్చుని నేసిన చోటే కూర్చుని వార్తలు రాసేవాడు. వానాకాలంలో ఆ చెక్కల సందుల్లోంచి తేమ వాసన వచ్చేది.

నేను మొదటిసారి పోయినప్పుడు ఆ వీధి చప్పుడు విని, ఈయనకేం, చుట్టూ ఇంత సందడి అనుకున్నాను. తర్వాత తెలిసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మగ్గాల చప్పుడే తప్ప మాట ఉండదు. మగ్గంలో దిగినవాడు మళ్లీ పైకెక్కితే గాని పలకడు. ఒక్కో ఇంట్లో ఒకరు నేస్తుంటే ఒకరు కండెలు చుట్టేవారు, మరొకరు నూలు ఆరబెట్టేవారు. ఇల్లంతా చేరి చేసే పని వాళ్లది. ఆ వీధి మొత్తంలో ఒక్కడే కూర్చుని చేసే పని ఈయనది.

అందుకే కవరును ఆయనే తెచ్చేవాడు. బస్సు కండక్టరు చేతికిస్తే సరిపోయేది. ఆ కండక్టరు ఆదోని సాయెబు, మా ఇద్దరికీ స్నేహితుడు. అయినా చాలా రోజులు కవరుతో పాటు మనిషీ దిగేవాడు. బస్టాండు పక్కన బజ్జీల బండి దగ్గర నిలబడేవాళ్లం. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏమన్నా, కవరు కండక్టరుకిస్తే సాలదా? ఇంత ఎండలో నువ్వెందుకు రావల్ల?"

"పోగొడ్తాడప్పా."

"ఇన్నేండ్లలో ఒక్కటన్నా పోగొట్టినాడా?"

"ఇంగా పోగొట్టలేదు గదా, అదే బయ్యం."

కండక్టరు పక్కనే ఉన్నాడు. "నా మింద పెట్టొద్దు సాబ్! కవరు కాదు, ఈయప్ప ఇంట్లో ఉంటే ఈయప్పే పోతాడు, అదీ బయ్యం" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వి, ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

ఎనభైల మొదట్లో పత్రిక కొత్త ఎడిషన్ పెట్టింది. ఏ రోజు వార్త ఆ రోజే కావాలన్నారు. ఎమ్మిగనూరులో నేత కార్మికుల గొడవలు నడుస్తున్నాయి కాబట్టి అక్కడ ఫోను ఉండాలని నిర్ణయించారు. నాకు కాదు, ఆయనకు. నేను బజారులో కమీషన్ వ్యాపారి దుకాణం నుంచో, తంతి ఆఫీసు నుంచో చెప్పుకోవాలి. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కుళ్లు పుట్టింది.

ఫోను వచ్చిన రోజు వాళ్ల వీధిలో మగ్గాలు కాసేపు ఆగాయి. జనం వచ్చి చూశారు. ఆయన దానిమీద ఎదురింటివాళ్లు నేసిన తువ్వాలు కప్పాడు. "ఇంగ బస్సులో పడి ఆదోనికి పొయ్యే పీడ పాయె" అని అందరూ సంతోషించారు. నేనూ అదే అన్నాను.

ఫోనులో వార్త చెప్పడం మీరు చూసి ఉండరు. ముందు ఎక్స్చేంజికి చెప్పి ట్రంకాల్ బుక్ చేయాలి. లైను ఎప్పుడు కలుస్తుందో తెలియదు. కలిశాక అవతల సబ్ ఎడిటరు కాగితం, పెన్నుతో కూర్చుని ఉంటాడు. మనం నాలుగేసి మాటలు విడగొట్టి చెప్పాలి. ఆయన రాసుకుని "ఊ" అనాలి. అప్పుడు తర్వాతి నాలుగు మాటలు. ఎమ్మిగనూరు మార్కెట్ యార్డులో. ఊ. సోమవారం ఉదయం. ఊ. కథ వినే పిల్లలు ఊ కొట్టినట్టే. ఊ రాకపోతే లైను తెగిందని లెక్క. మూడు నిమిషాలకొకసారి ఆపరేటరు మధ్యలోకి వచ్చి పొడిగించాలా అని అడుగుతాడు.

ఆ తర్వాత ఆయన ఆదోని రావడం మానేశాడు. కవరే లేదు, ఎందుకు రావాలి? నాకు మధ్యాహ్నాలు ఏదో వెలితిగా ఉండేవి. కొన్నాళ్లకు అలవాటు పడ్డాను. ఇల్లు నిండా మనుషులున్నవాడికి అలవాటు పడటం ఎంతసేపు?

రెండు మూడు సార్లు నేనే పోయాను. టీ తాగుదాం రమ్మంటే ఆయన గడప దాటలేదు.

"ఆఫీసు నుంచి పిలుపొస్తే?"

"రాదులేన్నా. పది నిమిషాలే కదా."

"నేను లేనప్పుడే మోగితే? ఎట్లప్పా?"

అది ఎన్నిసార్లు మోగిందని అడిగాను. ఇంకా మోగలేదన్నాడు. టీ ఎదురింటి పిల్లతో తెప్పించాడు. ఒకప్పుడు కోసిగి సంత, రాంపురం జాతర, ఎక్కడ మనుషులుంటే అక్కడ తిరిగిన మనిషి. ఇప్పుడు వార్త తన దగ్గరికి రావాలని కాచుకుని కూర్చున్నాడు. మొదట్లో జనం తెచ్చి చెప్పేవాళ్లు. ఫోను పాతబడ్డాక వాళ్లూ రావడం తగ్గించారు.

డెస్కులో నాకు తెలిసిన సబ్ ఎడిటరు ఒకసారి నవ్వుతూ చెప్పాడు. "మీ ఎమ్మిగనూరు ఆయన పిల్లి ఈనినా ఫోను చేస్తున్నాడండీ. ఇవాళ ఊళ్లో గాలి ఎక్కువగా ఉందని చెప్పాడు. రాసుకోమన్నాడు కూడా." నేనూ నవ్వాను. విలేకరి ఉద్యోగంలో అందరం ఎవరో ఒకరి మీద నవ్వుతూనే ఉంటాం. తర్వాత కొద్దిరోజులకు డెస్కు ఆయనకు గట్టిగానే చెప్పింది. వార్త ఉంటేనే ఫోను చేయండి, లేకపోతే లైను పట్టుకుని కూర్చోవద్దు అని.

ఆ ఏడాది వరి పొట్ట మీద ఉన్న రోజుల్లో ఒక ఉదయం పేపరు విప్పితే మొదటి పేజీలో, కౌతాళం దగ్గర తుంగభద్ర కాలువకు పెద్ద గండి. పొలాల్లోకి నీళ్లు, రెండు ఊళ్లకు దారి తెగింది, రైతుల ఆందోళన. ఎమ్మిగనూరు విలేకరి పంపినదే. కౌతాళం నాకు దగ్గర. నాకు తెలియనిది ఇంట్లోంచి కదలని ఆయనకు ఎట్లా తెలిసిందని రోషం వచ్చింది. చొక్కా వేసుకుని బస్సెక్కాను.

బస్సు నిండా రైతులు. పారలు, గంపలు, ఖాళీ గోనె సంచులు. ఆదోనిలో కూతురింటికి వచ్చిన ఒక ముసలాయన ఎవరో పేపరు చదివితే విని పరిగెత్తుకొచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు, చేతిలో అల్లుడి పార. దారంతా ఒకటే గొణుగుడు. "కింద మడి మునిగింటే పాయె, పైమడన్నా దక్కితే సాలు సామీ." వింటున్న కొద్దీ నాకు రోషం పోయి, గట్టిగా రాయాలనే ఉత్సాహం వచ్చింది. అది కూడా మా ఉద్యోగ లక్షణమే.

కాలువ గట్టు ఎక్కి చూశాం. నీళ్లు నిండుగా, నిదానంగా పోతున్నాయి. గట్టు ఎక్కడా చెక్కు చెదరలేదు. కాలువ కాపలా చూసే లస్కరు గట్టు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. సగం కన్నడం, సగం తెలుగు మనిషి.

"గండి యాడ పడిందప్పా?" అని ముసలాయన అడిగాడు.

"ఎల్లి గండి? గండి ఇల్ల, ఏమీ ఇల్ల. పొద్దున్నుంచి ఈ మాట అడిగినోళ్లకు సెప్పీ సెప్పీ నా రొట్టె సల్లారిపాయె. ఇంజనీరు సాయెబు జీపేసుకొనొచ్చి నన్నే తిట్టిపాయె, గండి యాడ దాసినావని."

కొందరు నవ్వారు. ముసలాయన నవ్వలేదు. పార కింద పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. "ఎవుడు రాసినాడో వాని నోట్లో మన్నుబడ" అన్నాడు. నేను పేపరువాణ్నని ఆయనకు చెప్పలేదు.

కౌతాళం పోస్టాఫీసు నుంచి ఆఫీసుకు ఫోను చేశాను. అప్పటికే ఇంజనీరు ఫిర్యాదు అక్కడికి చేరింది. న్యూస్ ఎడిటరు స్వయంగా లైనులోకి వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి, కోపం వస్తే ఇంకా మెత్తబడతాడు. "ఎమ్మిగనూరు వెళ్లండి. ఈ వార్త ఆయనకు ఎవరు చెప్పారో కనుక్కోండి. ఎవరైనా చెప్పి ఉంటే పొరపాటు అనుకుందాం. ఎవరూ చెప్పకపోతే రేపటి నుంచి ఆయన మన మనిషి కాదు."

సాయంత్రం పోయేసరికి ఆయన బల్ల దగ్గరే ఉన్నాడు. ముందర ఆ రోజు పేపరు. గడ్డం మాసింది. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేశాడు.

"గండి లేదన్నా" అన్నాను.

"తెలుసప్పా."

"ఎవరు సెప్పినారు నీకు?"

నేను రెండోసారి అడిగితే తల పక్కకు తిప్పి చెప్పాడు.

"వారమాయ అప్పా, వార్త లేదు. ఫోన్ సెయ్యొద్దన్నారు గదా, సెయ్యలేదు. నిన్న ఇంగ ఉండలేక సేస్తిని. ఏముంది సెప్పండి అన్నాడు. ఏమీ లేదంటే పెట్టేస్తాడు. నోట్లోంచి అట్ల వచ్చె, కాలువకు గండి పడిందని. అంతే! ఆగండి ఆగండి, కాగితం తీసుకుంటా అన్నాడు. ఎంత పొడుగు పడింది? నీళ్లు ఎంతవరకొచ్చినాయి? రైతులేమంటాండారు? ఒగటి కాదప్పా, ఎన్ని అడిగినారని! నేను ఒగటి సెప్తే వాళ్లు రెండు అడిగిరి. న్యూస్ ఎడిటర్ గూడ వచ్చినాడు లైన్లోకి. మీరు అక్కడిదాకా పోయొచ్చారా, అన్నం తిన్నారా అని అడిగినాడు."

అన్నం సంగతి చెప్పి, ముందరి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఈ వీధిలో నన్ను అన్నం తిన్యావా అని అడిగినోళ్లు ఎవరప్పా?"

బయట మగ్గాలు ఆడుతున్నాయి. కాలువ గట్టు మీద కూలబడిన ముసలాయన కళ్ల ముందుకొచ్చాడు. కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

ఆయనకు మిగిలింది ఆ ఒక్క పని. అది పోతే ఈ చెక్కల మీద కూర్చుని ఏం చేస్తాడు? అందుకని ఒక అబద్ధం కల్పించాను. కౌతాళం నుంచి ఎవరో రైతు బస్టాండులో కలిసి చెప్పాడు, పేరు తెలియదు, నమ్మి పంపాం. ఇదీ మాట. నేనే ఫోనులో చెబుతాను, నువ్వు నోరు తెరవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాను. పసిపిల్లవాడిలా తలూపాడు.

లైను కలిసింది. నేను చెప్పాను. న్యూస్ ఎడిటరు అంతా విని, "సరే, ఆయన్ను ఒకసారి పిలవండి" అన్నాడు. రిసీవరు ఇస్తూ కళ్లతోనే బతిమాలాను.

అవతలి మాటలు నాకు వినపడలేదు. ఈయన మాత్రం, "బాగుండాను సార్... తిన్యాను సార్" అన్నాడు. తర్వాత కాసేపు విన్నాడు. ఆ రైతు ఎట్లా ఉన్నాడు, ఏ ఊరివాడని అడిగి ఉంటాడు. మెత్తగానే అడిగి ఉంటాడు.

"రైతు ఎవరూ లేరు సార్" అన్నాడు.

నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను. ఆయన ఆగలేదు. వారం రోజుల సంగతి, వీధి సంగతి, తువ్వాలు సంగతి, ఆదోని బస్టాండు బజ్జీల సంగతి, చనిపోయిన భార్య సంగతి కూడా చెప్పాడు. నాలుగేసి మాటలు చెప్పి ఆగుతున్నాడు. అవతలి నుంచి ఊ వస్తున్నట్టుంది, మళ్లీ చెబుతున్నాడు. ఆపరేటరు మధ్యలో వచ్చాడు కాబోలు, "పొడిగించప్పా, పొడిగించు" అన్నాడు. మనిషి ముఖంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. నేను ఆయన కోసం ఆడిన అబద్ధం ఒక్క పూట కూడా నిలవలేదు. దాన్ని ఇచ్చేసి, ఆయన కాసేపు మాట్లాడుకునే వీలు కొనుక్కున్నాడు.

చివరికి రిసీవరు పెట్టేసి, తువ్వాలు మళ్లీ సరిగ్గా కప్పాడు.

"ఏమన్నాడన్నా?"

"రేపట్నుంచి పంపొద్దన్నాడప్పా." బల్ల దగ్గర కూర్చుని, "అంతా ఇన్నాడు. మధ్యలో పెట్టెయ్యలేదు" అన్నాడు.

పత్రిక మర్నాడు సవరణ వేసింది. పై వారం లైన్‌మన్ వచ్చి ఫోను విప్పుకుపోయాడు. అది ఆదోనిలో మా ఇంటికి వచ్చింది. ఎమ్మిగనూరు కూడా నేనే చూడాలన్నారు. పక్కింటి ముసలమ్మ ఫోను చూసి, ఇన్నాళ్లకు నాకు ఉద్యోగం దొరికిందని సంతోషించింది. న్యూస్ ఎడిటరు చెడ్డవాడు కాదు. లేని గండి రాసినవాణ్ని పత్రికలో ఉంచుకోలేరు. ఆ ముసలాయన పరుగు తప్పు కాదు, ఆయన తిట్టు తప్పు కాదు. అందరిదీ న్యాయమే. ఇన్నేళ్లు ఎంత వెతికినా నాకు ఇందులో కోపగించుకోవడానికి ఒక్క మనిషీ దొరకలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి.

ఆయనకు వేరే పని చూద్దామని తిరిగాను. ఒక సంఘంలో రాతకోతల పని ఉందంటే పొమ్మన్నాను, పోలేదు. బస్సెక్కి ఆదోని రమ్మన్నాను. "కవరు లేకుండా ఏమని వచ్చేదప్పా?" అన్నాడు. మరుసటి ఏడు అన్న వచ్చి ఇల్లు అమ్మించి బళ్లారికి తీసుకుపోయాడని విన్నాను. ఆ తర్వాతి సంగతి తెలియదు. మొన్న ఒంటరితనానికి మందు అడిగిన పిల్లలకు, రోజూ ఒకసారి బయటికి పోయి మనుషుల్లో నిలబడమని చెప్పి పంపాను. అది ఎవరైనా చెప్పగలిగే మాటే. ఆయనకూ నేను అదే చెప్పాను.

ఇల్లు అమ్ముడుపోక ముందు ఆఖరుసారి చూడ్డానికి పోయాను. వాకిట్లో ఎదురింటావిడ కండెలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టి, చేతిపని ఆపకుండానే చెప్పింది.

"దినామూ వార్త సెప్తాడు సామీ, గోడకు. ఊరి పేరు సెప్తాడు, ఆడికి నిలబడిపోతాడు. ఎవురన్నా ఊ అంటే గదా ముందుకు పొయ్యేది? మాకు మగ్గమిడిసి కూకునే దానికి యాడైతాది?"

లోపల ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు. బాగున్నావా అని అడగలేదు. గొంతు సవరించుకుని, "ఎమ్మిగనూరు నేతవీధిలో" అని ఆగాడు.

"ఊ" అన్నాను.

"ఆదివారం ఉదయం నుంచి."

"ఊ."

వీధిలో ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరి మగ్గం తెగనమ్మారు, ఏ ఇంట్లో నూలు తడిసింది, అన్నీ వరసగా, తప్పు లేకుండా చెప్పాడు. అన్నీ నిజమైన వార్తలే. గడప దాటకుండా ఎట్లా పోగుచేశాడో తెలియదు. పొద్దుగుంకే దాకా ఊ కొడుతూ కూర్చున్నాను. ఆదోనికి బస్సు వేళయింది. ఒక వార్త అయిపోతే లేద్దామనుకున్నాను. అయిపోయిన చోట ఊపిరి కూడా తీసుకోకుండా ఇంకొకటి మొదలుపెట్టాడు. ఇక తప్పక లేచి చేతులు జోడించాను. ఆయన పట్టించుకోలేదు. నాలుగు మాటలు చెప్పి ఆగాడు. నేను ఊ అనలేదు. అంటే ఇంకో నాలుగు మాటలు నిలబడాలి.

వాకిలి దాటి వెనక్కి చూశాను. నోరు కొద్దిగా తెరుచుకుని, నేను లేచిన కుర్చీ వైపే చూస్తూ, అట్లాగే ఆగి ఉన్నాడు.